కొలత నేర్చుకుంటే... కొలువుకు దగ్గరే!

హోటల్ ఇంటర్వ్యూకి వెళ్లారు. సర్టిఫికెట్లు చూశారు, ఇంగ్లిష్‌లో నాలుగు ప్రశ్నలు అడిగారు, అంతా బాగానే ఉంది. ఆ తర్వాత బార్ కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లి, ‘ఒక పలోమా చేసి చూపించండి’ అన్నారు. ఇప్పుడేం చేస్తారు? ఫుడ్ అండ్ బెవరేజ్ విభాగంలో ఉద్యోగానికి వెళ్లేవారికి ఇలాంటి ప్రాక్టికల్ పరీక్ష మామూలే. దాన్నే ట్రేడ్ టెస్ట్ అంటారు. చిత్రమేమిటంటే, దీనికి కావాల్సిన సాధనలో ముప్పాతిక వంతు శ్రీకాకుళంలోనో బొబ్బిలిలోనో మీ వంటగదిలోనే చేసుకోవచ్చు. చుక్క మద్యం లేకుండా కూడా!

ముందే ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. ఈ పేజీ చదివేవారిలో చాలామందికి ఇంకా 21 నిండి ఉండదు. నిండినా తాగాలన్న రూలేమీ లేదు. అందుకే ఇక్కడ అసలు పలోమా ఎలా ఉంటుందో తెలుసుకుందాం, చేతులకు సాధన మాత్రం మద్యం లేని పలోమాతో చేద్దాం. ఉద్యోగంలో పనికొచ్చేది ఆ చేతి పనే.

ఏమిటీ పలోమా?

స్పానిష్‌లో పలోమా అంటే పావురం. మెక్సికోలో బాగా వాడుకలో ఉన్న పానీయం ఇది. టెకీలా, గ్రేప్‌ఫ్రూట్ సోడా, నిమ్మరసం, చిటికెడు ఉప్పు... అంతే సరంజామా. షేకర్ అక్కర్లేదు, నిప్పులు చిమ్మే విన్యాసాలూ అక్కర్లేదు. గ్లాసులోనే కలిపి ఇచ్చేస్తారు. అందుకే ఇది తేలిక అనుకుంటారు గానీ, నన్నడిగితే కష్టమైనవాటిలో ఇదొకటి. పది దినుసులున్న పానీయంలో ఒక తప్పు దాక్కుంటుంది. నాలుగే ఉన్నప్పుడు దాక్కోవడానికి చోటేదీ?

ప్రపంచవ్యాప్తంగా బార్‌టెండర్ల సంఘాలను కలిపే సంస్థ ఒకటుంది, ఇంటర్నేషనల్ బార్‌టెండర్స్ అసోసియేషన్. 1951లో ఇంగ్లండ్‌లోని టార్కీలో మొదలైంది. ఇది కొన్ని పానీయాలకు అధికారిక కొలతలు ప్రకటిస్తుంది. ఇంటర్వ్యూల్లో ‘ఐబీఏ స్పెక్ చెప్పు’ అని అడిగేది వీటి గురించే. పలోమాకు ఆ కొలత ఇదీ: నూరు శాతం అగావే టెకీలా 50 మిల్లీలీటర్లు, తాజా నిమ్మరసం 5 మిల్లీలీటర్లు, చిటికెడు ఉప్పు, గులాబీ రంగు గ్రేప్‌ఫ్రూట్ సోడా 100 మిల్లీలీటర్లు. పొడవాటి గ్లాసులో టెకీలా పోసి, నిమ్మరసం పిండి, ఐసు, ఉప్పు వేసి, సోడాతో నింపి, మెల్లగా ఒకసారి కలిపి, నిమ్మచెక్క పెట్టి ఇవ్వాలి. ఈ ఒక్క పేరా కాగితం మీద రాసుకుని గోడకి అంటించుకోండి.

దీన్ని మొదట ఎవరు చేశారన్నది తేలని సంగతి. మెక్సికోలో టెకీలా అనే ఊరే ఉంది, హలిస్కో రాష్ట్రంలో. ఆ ఊళ్లో లా కపియా అనే పాత బార్ నడిపిన డాన్ హవియేర్ దెల్గాదో కొరోనా దీనికి ఆద్యుడని చాలాచోట్ల రాస్తుంటారు. ఆయన మాత్రం అది తన సృష్టి కాదనేవారు. ఆయన సొంతంగా చేసింది బతాంగా అనే మరో పానీయం. టెకీలా, నిమ్మ, కోలా పోసి, నిమ్మకాయ కోసిన పెద్ద కత్తితోనే కలిపి ఇచ్చేవారు. ఇంటర్వ్యూలో ‘పలోమా ఎవరు కనిపెట్టారు?’ అని అడిగితే ఆయన పేరు చెప్పి ఊరుకోకండి. ‘ఆయన పేరు చెబుతారు గానీ ఆయనే కాదన్నారు’ అనండి. అడిగినవాళ్లు ఒకసారి తలెత్తి చూస్తారు. ఇక సోడా విషయానికొస్తే, 1938లో అమెరికాలోని ఫీనిక్స్‌లో పుట్టిన స్క్విర్ట్ అనే గ్రేప్‌ఫ్రూట్ సోడా 1950ల్లో మెక్సికో చేరింది. ఈ పానీయం అంత ఊపందుకోవడంలో దాని పాత్ర పెద్దదే.

గ్రేప్‌ఫ్రూట్ లేదా? పంపర పనస ఉందిగా

శ్రీకాకుళం రైతుబజారులో గ్రేప్‌ఫ్రూట్ అడిగి చూడండి, ద్రాక్షపళ్లు చూపిస్తారు. వాళ్ల తప్పేం లేదు, పేరే అలాంటిది. కాయలు ద్రాక్షగుత్తిలా గుంపుగా కాస్తాయని ఆ పేరొచ్చింది. విశాఖ, హైదరాబాద్ సూపర్ మార్కెట్లలో దిగుమతి పండ్లు దొరుకుతాయి గానీ ఖరీదెక్కువ. సాధనకు అంత ఖర్చు దండగ.

దానికి బదులు దాని కన్నతల్లినే తెచ్చుకుందాం. గ్రేప్‌ఫ్రూట్ అన్నది 18వ శతాబ్దంలో కరీబియన్ దీవి బార్బడోస్‌లో పంపర పనస, తియ్యనారింజ కలిసి పుట్టిన సంకర జాతి. గ్రిఫిత్ హ్యూజ్ అనే ఆయన 1750లో ఆ దీవి గురించి రాసిన పుస్తకంలో ‘నిషిద్ధ ఫలం’ అంటూ అక్కడి కాయ ఒకదాన్ని వర్ణించారు. గ్రేప్‌ఫ్రూట్ కథ చెప్పేవారంతా మొదలుపెట్టేది అక్కడి నుంచే. పంపర పనస మాత్రం ఆసియా కాయ. మన పెరళ్లలో, తోటల్లో ఎప్పటినుంచో ఉంది. కొన్ని ఊళ్లలో పంపలమాసం అంటారు. డచ్చివాళ్లు ఈ కాయను ‘పాంపెల్‌మూస్’ అంటారు. రెండు పేర్లూ వరసగా పైకి అని చూడండి. డచ్చివాళ్ల వర్తక స్థావరం ఒకప్పుడు మన పక్కనే భీమునిపట్నంలో ఉండేదని గుర్తుంటే, ఆ పోలిక మరీ వింతగా అనిపించదు.

తల్లికీ బిడ్డకీ తేడా ఉంది. పంపర పనస రసం గ్రేప్‌ఫ్రూట్ కంటే మెత్తన, చేదు తక్కువ. పలోమాకు ఆ చేదే ప్రాణం. అయితే చేదు ఈ కాయలో లేక కాదు, ఉన్నచోటు వేరు. తొక్క లోపలి తెల్లటి బెండులోనూ, తొనల మీది పొరలోనూ ఉంటుంది. నారింజిన్ అనే పదార్థం దానికి కారణం. దాన్ని మనకు కావాల్సినంత మాత్రమే బయటికి తీసుకోవడమే మొదటి పాఠం.

చేద్దాం రండి

కాయను గోరువెచ్చని నీళ్లతో బాగా రుద్ది కడగండి. పీలర్‌తో పైనున్న పచ్చ లేదా పసుపు పొరను మాత్రమే పల్చగా చెక్కండి. తెల్లది రాకూడదు. ఆ చెక్కుకు 100 గ్రాముల పంచదార కలిపి, చేత్తోనో గరిటెతోనో నలిపి, మూతపెట్టి రెండు గంటలు వదిలేయండి. పంచదార ఆ తొక్కలోని సువాసన నూనెను లాగేస్తుంది, గిన్నె అడుగున తడి చేరుతుంది. బార్లలో దీన్ని ఓలియో సాకరమ్ అంటారు. పేరు లాటిన్ గానీ పని మన పచ్చళ్ల ఊట లాంటిదే.

ఈలోగా కాయ వలిచి, తొనల మీది పొర తీసేసి, లోపలి గుజ్జును చేత్తో నలిపి వడకట్టండి. మిక్సీలో వేయకండి. గింజలు, పొరలు నలిగితే రసమంతా చేదెక్కిపోతుంది, ఇక సర్దలేరు. ఓ మోస్తరు కాయకు పావు లీటరుకు అటూ ఇటూగా రసం వస్తుంది. ఇందులో రెండంగుళాల తెల్లబెండు ముక్క వేసి పది నిమిషాలు ఉంచి తీసేయండి. రుచి చూడండి. చేదు నాలుక వెనక్కి తగిలీ తగలనట్టు ఉంటే చాలు. ఎక్కువసేపు ఉంచితే ఏమవుతుందో కూడా ఒకసారి కావాలనే చేసి చూడండి. చెడిన రుచి తెలిసినవాడికే మంచి రుచిని పట్టడం వస్తుంది.

రెండు గంటలయ్యాక పంచదారలో ఈ రసం 150 మిల్లీలీటర్లు పోసి, పూర్తిగా కరిగేదాకా కలిపి వడకట్టండి. ఇది మీ కార్డియల్. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు మించి ఉంచకండి. మిగిలిన రసం విడిగా పెట్టుకోండి.

ఇప్పుడు గ్లాసు. పొడవాటి గ్లాసులో కార్డియల్ 25, తాజా పంపర పనస రసం 25, నిమ్మరసం 10 మిల్లీలీటర్లు పోయండి. ఐబీఏ కొలతలో నిమ్మ 5 మిల్లీలీటర్లే కదా అంటారేమో. మన కార్డియల్ తీపి, సోడాలో ఉండే పులుపు ఇందులో లేదు, అందుకే కొంచెం పెంచాం. నిమ్మ విషయంలో మాత్రం మీరు అదృష్టవంతులు. మెక్సికోవాళ్లు వాడే చిన్న నిమ్మ, మన కాగితపు నిమ్మ ఒకే జాతి. తొక్క పల్చన, ఘాటైన వాసన. దిగుమతి నిమ్మ కోసం ఎదురుచూడక్కర్లేదు.

టెకీలా స్థానంలో ఏం పోయాలి? నీళ్లు పోస్తే పానీయం బోలుగా ఉంటుంది. ఉద్దానం కొబ్బరి బొండం నీళ్లు 50 మిల్లీలీటర్లు తీసుకుని, రెండు మిరియాలు చితక్కొట్టి అరగంట నానబెట్టి వడకట్టి పోయండి. టెకీలాలో ఉండే మిరియపు ఘాటు, పచ్చి వాసన కొంతైనా వస్తాయి. అచ్చం అలాగే ఉంటుందని చెప్పను. కానీ గ్లాసులో ఆ చోటు నిండుతుంది. తర్వాత గ్లాసు నిండా ఐసు. నాలుగు ముక్కలు కాదు, నిండా. ఐసు తక్కువైతే త్వరగా కరిగి పల్చబడుతుంది. చాలామంది ఇది తిరగేసి అనుకుంటారు. చివర్లో బాగా చల్లగా ఉన్న సోడా 60 మిల్లీలీటర్లు గ్లాసు వాలుగా పెట్టి పోసి, స్పూన్ అడుగుకు దించి ఒక్కసారి పైకి లేపండి. గిరగిరా తిప్పితే గ్యాసంతా పోతుంది.

ఉప్పు మరిచిపోయామా? లేదు. దానికి విడిగా చెప్పాలి. మన నౌపడ ఉప్పు మడులు రైల్లోంచి చూసే ఉంటారు. ఉప్పు వేస్తే పానీయం ఉప్పగా కావాలని కాదు. సోడియం చేదును నాలుకకు తెలియనివ్వకుండా కొంత అణచి, తీపినీ పండు వాసననూ ముందుకు తెస్తుంది. జామకాయకో, పచ్చి మామిడికో ఉప్పు అద్దుకునే మనకు దీన్ని వేరే ఎవరో నేర్పక్కర్లేదు. బార్లలో మాత్రం చిటికెడు అనే మాటకు విలువ లేదు, మనిషికో చిటికెడు కాబట్టి. 20 గ్రాముల ఉప్పును 80 గ్రాముల నీళ్లలో కరిగించి డ్రాపర్ సీసాలో ఉంచుకుంటారు. గ్లాసుకు మూడు నాలుగు చుక్కలు. ఇంట్లోనూ అలాగే చేయండి. ఒక గ్లాసులో చుక్కలు వేసి, ఇంకో గ్లాసులో వేయకుండా, ఏది ఏదో తెలియకుండా చెల్లికో తమ్ముడికో ఇచ్చి అడగండి. తేడా వాళ్లే చెబుతారు.

దగ్గుమందు మూత కూడా పనిముట్టే

బార్‌లో కొలిచే పాత్రను జిగ్గర్ అంటారు. ఒకవైపు 30, ఇంకోవైపు 60 మిల్లీలీటర్లు ఉండే స్టీలు జిగ్గర్ ఆన్‌లైన్‌లో తక్కువకే దొరుకుతుంది. అది కొనేలోగా దగ్గుమందు సీసా మూత చాలు, దాని మీద 5, 10 గీతలుంటాయి. కిచెన్ స్కేలు ఉంటే ఇంకా మంచిది. నీళ్లు 30 మిల్లీలీటర్లంటే 30 గ్రాములే.

కొన్ని హోటళ్లలో జిగ్గర్ లేకుండా సీసా నుంచి నేరుగా పోయమంటారు. దీన్నే ఫ్రీ పోర్ అంటారు. ఖాళీ సీసాలో నీళ్లు నింపి, పోరర్ మూత బిగించి, ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు’ అని మనసులో లెక్కపెడుతూ గ్లాసులోకి పోయండి. నాలుగు అంకెలకు 30 మిల్లీలీటర్లు రావాలి. తూకం వేసి చూడండి. మొదటి రోజు 22 వస్తుంది, తర్వాతది 41 వస్తుంది. రోజుకు ఇరవైసార్లు చొప్పున రెండు వారాలు చేస్తే చేతికి లెక్క అందుతుంది. ఖర్చు? నీళ్లే కదా!

ఇంతకీ ఈ కొలతకు అంత విలువెందుకు? ఒక లెక్క వేద్దాం. 750 మిల్లీలీటర్ల టెకీలా సీసా 4,500 రూపాయలనుకుందాం. మిల్లీలీటరు 6 రూపాయలు. 50 మిల్లీలీటర్లకు 300. సోడాకు 40, నిమ్మ, ఉప్పు, ఐసు, గార్నిష్‌కు 10 అనుకుంటే గ్లాసు తయారీ 350. బార్లు సాధారణంగా సరుకు ఖర్చు అమ్మకం ధరలో 20 - 25 శాతం దగ్గర ఉండేలా చూసుకుంటాయి. 25 శాతం అంటే ఆ గ్లాసు ధర 1,400. ఇప్పుడు మీ చేయి వదులై 50 బదులు 60 పోశారనుకోండి. గ్లాసుకు 60 రూపాయలు గాలికి. రాత్రికి 20 గ్లాసులైతే 1,200. నెలకు 36,000! మీకు ఇస్తామన్న జీతంతో పోల్చి చూసుకోండి. మేనేజరు మీ చేతినే ఎందుకు చూస్తాడో అర్థమవుతుంది. బీకాం, బీబీఏ చదివినవారికి ఇది కొట్టిన పిండే. హోటల్ మేనేజ్‌మెంట్ చదవకపోయినా ఈ లెక్క నోటితో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో మీ మాటకు బరువొస్తుంది.

టెకీలా గురించి అడిగితే

టెకీలా ఒక మొక్క నుంచి వస్తుంది, నీలి అగావే. మన గట్ల మీద, రైలు పట్టాల పక్కన ముళ్ల మట్టలతో కనిపించే కిత్తనార దాని బంధువే. నాటిన ఆరేడేళ్లకు గానీ పక్వానికి రాదు. మట్టలు నరికేస్తే మిగిలే దుంపలాంటి భాగాన్ని ఉడికించి, రసం తీసి, పులియబెట్టి, బట్టీ పడతారు. దాని చక్కెరలో కనీసం 51 శాతం నీలి అగావే నుంచే రావాలి. సీసా మీద ‘100 శాతం అగావే’ అని ఉంటే పూర్తిగా దానిదే. హలిస్కోతో పాటు మెక్సికోలోని మరో నాలుగు రాష్ట్రాల నిర్ణీత ప్రాంతాల్లో చేసినదానికే ఆ పేరు వాడాలి. 1974 నుంచి ఈ రక్షణ ఉంది. అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు ఉన్నట్టే. రంగు లేనిది బ్లాంకో, కనీసం రెండు నెలలు చెక్క పీపాలో ఉన్నది రెపొసాదో, ఏడాది దాటినది అన్యేహో. పలోమాకు బ్లాంకో నప్పుతుంది.

ఇక్కడ మన రాష్ట్రం ముచ్చటొకటి ఉంది. ఐఐటీ మద్రాస్‌లో చదివిన డెస్మండ్ నజరెత్ దక్కన్ పీఠభూమిలో పెరిగే అగావేతో చిత్తూరు జిల్లాలో డిస్టిలరీ పెట్టారు. 2011లో డెస్మండ్‌జీ పేరుతో ఆ పానీయం గోవా మార్కెట్లోకి వచ్చింది. మెక్సికోలో చేసింది కాదు కాబట్టి దాన్ని టెకీలా అనకూడదు, అగావే మద్యం అనే అనాలి. ‘టెకీలాకీ అగావే స్పిరిట్‌కీ తేడా ఏమిటి?’ అన్న ప్రశ్నకు ఆంధ్రప్రదేశ్ నుంచే ఉదాహరణ చెప్పే అవకాశం మీది, వదులుకోకండి.

ఒక హెచ్చరిక కూడా. లైసెన్సున్న దుకాణంలో కొన్నది కలపడం వేరు, ఇంట్లో బట్టీ పెట్టడం వేరు. రెండోది ఏ పేరుతో చేసినా నాటుసారా కేసే.

‘ఏటీ, బారులో పనేటి?’

ఇంట్లో ఈ మాట రాకుండా ఉండదు. దాన్ని కొట్టిపారేయకండి. ఈ రాష్ట్రంలో సారా మీద ఆడవాళ్లు రోడ్డెక్కిన చరిత్ర ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఉద్యమం 1990ల్లో సారాను ఆపించింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది, రెండేళ్లకు సడలించారు. తాగుడుకు పొలం పోగొట్టుకున్న ఇల్లు మీ వీధిలోనే ఉండొచ్చు. ఆ ఇంటి అమ్మకి ఈ ఉద్యోగం నచ్చకపోవడంలో అర్థముంది. ఆమెను వాదించి గెలవలేరు. గ్లాసు చేసిచ్చి చూడండి, అదే నయం. పంపర పనస, బొండం నీళ్లు, నిమ్మ, ఉప్పు... ఇందులో ఆమెకు తెలియనిదేముంది? ఫుడ్ అండ్ బెవరేజ్ విభాగమంటే కాఫీ, జ్యూసు, బ్రేక్‌ఫాస్ట్ సర్వీసు, బాంకెట్, లాంజ్ అన్నీ అని, బార్ అందులో ఒక మూల మాత్రమే అని అప్పుడు చెప్పండి. బార్ వద్దనుకుంటే వద్దనే చెప్పొచ్చు. ఇంటర్వ్యూలో ‘నేను మద్యం ముట్టను’ అనడం కూడా తప్పేమీ కాదు. కొలత, పరిశుభ్రత మీద మాత్రం వెనకడుగు వేయకండి.

అమ్మాయిలకు ఇంకో అడ్డంకి ఉండేది. ఢిల్లీలో అమలైన 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టం మద్యం వడ్డించేచోట స్త్రీలను పనిలో పెట్టుకోకూడదనేది. హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన అమ్మాయిలకు చదువు ఉండి ఉద్యోగం లేని పరిస్థితి. 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు అనూజ్ గర్గ్ కేసులో ఆ నిషేధం చెల్లదని తేల్చింది. రక్షణ పేరుతో ఉపాధి తలుపు మూయొద్దన్నది ఆ తీర్పు సారాంశం. ముంబయిలో షత్భీ బసు అప్పటికే బార్‌టెండర్‌గా పేరు తెచ్చుకుని, సొంతంగా శిక్షణ సంస్థ కూడా నడుపుతున్నారు. అయితే తీర్పుతోనే అన్నీ సర్దుకోవు. రాత్రి షిఫ్టుకు ఇంటిదాకా వాహనం ఇస్తారా, హాస్టల్ ఎక్కడ, ఫిర్యాదుల కమిటీ ఉందా అని చేరే ముందే అడగండి. అడిగినందుకు ఉద్యోగం ఇవ్వని చోట చేరకపోవడమే మంచిది.

ఎవరికి ఇవ్వకూడదు?

మంచి పానీయం చేసి ఇంటిల్లిపాదికీ పోసేముందు ఆగండి. గ్రేప్‌ఫ్రూట్‌లో, పంపర పనసలో ఉండే కొన్ని పదార్థాలు మన పేగుల్లో మందులను విరిచే ఎంజైమును పని చేయనివ్వవు. దాంతో మామూలు మోతాదు మాత్రే ఎక్కువ మోతాదులా పనిచేస్తుంది. కెనడాలో డేవిడ్ బెయిలీ బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మందు మీద ప్రయోగం చేస్తూ 1989లో ఈ సంగతి బయటపెట్టింది. కొలెస్ట్రాల్‌కు వాడే అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్, కిడ్నీ మార్పిడి అయినవారు వాడే టాక్రోలిమస్ లాంటివీ ఈ జాబితాలోవే. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఇళ్లలో కిడ్నీ జబ్బు సంగతి నేను చెప్పాలా? కిడ్నీ రోగులకు పొటాషియం కూడా హద్దులో ఉండాలి. బొండం నీళ్లలో అది ఎక్కువ. కాబట్టి బీపీ, గుండె, కిడ్నీ మందులు వాడేవారికి డాక్టరును అడగకుండా ఈ గ్లాసు ఇవ్వకండి. ఉద్యోగంలో అతిథి ‘ఇందులో ఏముంది?’ అని అడిగితే దినుసులన్నీ పూర్తిగా చెప్పాల్సింది ఇందుకే.

మద్యం ఉన్న పలోమా విషయంలోనూ లెక్క తెలిసుండాలి. 40 శాతం ఉన్న టెకీలా 50 మిల్లీలీటర్లలో సుమారు 16 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. పండు రుచి, సోడా చల్లదనం దాన్ని కప్పేస్తాయి, తాగేవాడికి తెలియదు. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటి బండి నడిపితే మోటారు వాహనాల చట్టం కింద నేరం. ‘సార్, క్యాబ్ పిలవమంటారా?’ అని అడగడమూ బార్‌టెండర్ పనిలో భాగమే.

ఎక్కడ చదవాలి, ఎవరిని నమ్మాలి?

ఇంటర్ అయినవారికి పెద్ద దారి ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ. జాతీయ స్థాయి పరీక్ష ఇది, నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ నిర్వహిస్తుంది. ర్యాంకును బట్టి మూడేళ్ల బీఎస్సీ హాస్పిటాలిటీ అండ్ హోటల్ అడ్మినిస్ట్రేషన్‌లో సీటు. మనకు దగ్గర్లో చెప్పుకోదగ్గవి తిరుపతిలోని స్టేట్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్‌లోని ఐహెచ్‌ఎం. మూడేళ్లు వద్దనుకునేవారికి ఫుడ్ అండ్ బెవరేజ్ సర్వీస్‌లో ఏడాదిన్నర డిప్లొమా కూడా ఈ కౌన్సిల్ పరిధిలో ఉంది. పదితో ఆగినవారికి ఐటీఐలో ఏడాది ఫుడ్ అండ్ బెవరేజ్ సర్వీసెస్ అసిస్టెంట్ ట్రేడ్ ఉంది. డిగ్రీ చేతిలో ఉన్నవారు నేరుగా స్టార్ హోటళ్లలో ట్రైనీగా ప్రయత్నించొచ్చు, విశాఖ బీచ్‌రోడ్డు అందుకు దగ్గరి గుమ్మం. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి కోర్సులు అమ్మే ప్రకటనలు కనిపిస్తే మాత్రం, ‘ఏ హోటల్‌తో ఒప్పందం ఉంది, కాగితం చూపించండి’ అని అడిగాకే ఫీజు మాట.

గల్ఫ్ వైపు చూసేవారికి మద్యం లేని పలోమానే అసలు పెట్టుబడి. కువైట్‌లో మద్యం నిషేధం, సౌదీలోనూ మామూలు రెస్టారెంట్లలో ఉండదు. అక్కడ పానీయాల కౌంటరంటే జ్యూసులు, మాక్‌టెయిల్సే. వెళ్లేముందు ఏజెంటు పేరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుము 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే రసీదు అడగండి. క్రూయిజ్ షిప్ ఉద్యోగమంటే ఇంకా జాగ్రత్త. డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ లైసెన్సున్న సంస్థ ఉద్యోగం ఇప్పించినందుకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడిగాడంటే, ఎంత దగ్గరి చుట్టమైనా సరే, అక్కడే ఆపేయండి. మన జిల్లాల్లో షిప్పు ఉద్యోగమని పొలం అమ్మి ఇచ్చి, ఏదో దేశం రేవులో చిక్కుకున్నవాళ్ల కథలు మీరూ విన్నారు.

ఇక ట్రేడ్ టెస్ట్ రోజు. గోళ్లు కత్తిరించుకోండి, సెంటు కొట్టుకోకండి. అది గ్లాసు వాసనను మింగేస్తుంది. కౌంటర్ దగ్గర నిలబడగానే చేతులు కడుక్కోండి. గ్లాసును వెలుతురుకెదురుగా పట్టుకుని మచ్చ ఉందేమో చూసి తుడవండి. పట్టుకునేది ఎప్పుడూ కింది సగమే, మూతి దగ్గర వేలు పడకూడదు. ఐసు చేత్తో కాదు, స్కూపుతో. దినుసులన్నీ వాడే వరసలో ముందు పేర్చుకోండి, సీసాల లేబుళ్లు పరీక్షించేవారి వైపు తిప్పండి. కలిపాక శుభ్రమైన స్ట్రాతో ఒక చుక్క తీసి రుచి చూడండి, ఆ స్ట్రా వెంటనే పారేయండి. పులుపు తక్కువనిపిస్తే వాళ్లముందే సరిచేయండి, సరిచేయడం చూడాలనే వాళ్లూ ఎదురుచూస్తుంటారు. ఇచ్చాక కౌంటర్ తుడిచి, జిగ్గర్ కడిగి బోర్లించండి.